మూడు గంగాళాల తీర్పు

గాజుకొండ కనుమలో ఉన్న నూరుకూరల సత్రానికి మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పొడ సోకదు. కొండ చరియను తొలిచి కట్టిన ఆ సత్రానికి ఎనభై స్తంభాలు, స్తంభానికొక రాతి ఏనుగు, ఏనుగు తొండానికొక ఇత్తడి దీపం. పోపులో ఇంగువ పొంగిన వాసన మంచులో తడిసి, రెండు కోసుల దిగువనుంచే బాటసారి ముక్కు పట్టుకుని పైకి లాగుతుంది. లోపల నూరు వెండి గిన్నెల్లో నూరు రంగుల కూరలు. తిన్నవాళ్ళందరూ మెచ్చుకుంటూనే లేస్తారు. గుంపుగా వచ్చినవాళ్ళు గుంపుగానే కొండ దిగి వెళతారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు మాత్రం దిగరు.

కాంస్యపుర యువరాజు మేఘకేతనుడు వేటలో దారి తప్పి ఒంటరిగా ఈ కనుమ ఎక్కి ఇరవై ఒక్క రోజులైంది.

అతన్ని వెతుక్కుంటూ వచ్చిన కోట వంటవాడు తిప్పన గడప బయట ఆగాడు. నెత్తిన పసుపు తలపాగా, భుజాన జోలె, చేతిలో మూరెడు రాగి గరిటె. ఆ మూడూ అతనివి కావు. సత్రాల్లో వంట రుచి చూసి తీర్పు చెప్పేవాళ్ళను ఆ దేశంలో చవికాళ్ళంటారు. కొండ కింద జ్వరంతో పడి ఉన్న ఒక ముసలి చవికాడికి తిప్పన మూడు రోజులు గంజి కాచి పోశాడు. అందుకు ముసలాయన తన వేషం ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపాడు.

"రుచి చూసేముందు చప్పిడి అన్నం నమిలి నాలుక కడుక్కో. నోట పెట్టుకున్నది ఉమ్మెయ్, మింగకు. తీర్పు తేలకపోతే వండి చూస్తానని అడుగు. అది చవికాడి హక్కు, ఏ సత్రమూ కాదనలేదు. ఇక నాలుగోది నాయనా, ఆ గడప లోపల అబద్ధం మాత్రం ఆడకు."

"ఆడితే ఏమవుతుంది తాతా?"

"నాలుక చచ్చిపోతుంది. ఒకసారి నాదీ చచ్చింది. ఏడాదిపాటు బెల్లమూ బూడిదా ఒకటే నాకు. అప్పుడా సత్రం యజమానురాలికి ఇంకా కాస్త జాలి ఉండేది, వదిలేసింది. ఇప్పుడు లేదంటున్నారు."

ఆమె పేరు ధూమిని. తనే ఎదురొచ్చింది. బూడిదరంగు పట్టుచీర, జడలో మల్లెలకు బదులు తెల్లటి ఉల్లిపూల దండ. మాయలు నేర్చుకునేటప్పుడు గురుదక్షిణగా తన నాలుక రుచినీ ముక్కు వాసననూ ఇచ్చేసిందట. ఆ పూల ఘాటు ఆమెకు తెలియదు.

"ఎవరు నువ్వు?"

"తీర్పు చెప్పడానికి వచ్చాను. ఇదిగో గరిటె."

"పేరు అడిగాను."

"ఆకలితో వచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టి పేరడిగే సత్రం ఇదొక్కటే చూశాను తల్లీ."

ధూమిని అతని మొహంలోకి చూసి నవ్వింది. "సరే. తీర్పు అయ్యాక చెబుదువుగాని. రా."

వంటశాల కొండ కడుపులో ఉంది. ఇరవై మెట్లు దిగాలి. మధ్యలో మనిషి ఎత్తున మూడు గంగాళాలు. వాటిలో తల్లిగుజ్జు. ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, పసుపు నూనెలో మగ్గించి, మెత్తగా నూరి, మళ్ళీ మరగబెట్టిన పలచని గుజ్జు అది. నూరు కూరలకూ అదే ఆధారం. పూటకు నాలుగు వందల మందికి నూరు కూరలు వేటికవి మొదలుపెట్టి వండటం ఎవరివల్లా కాదు. గరిటెడు తల్లిగుజ్జు మూకుట్లో పోసి, ఒకదానికి మిరియం, ఒకదానికి చింతపండు, ఒకదానికి పెరుగు కలిపితే కూరకు కూరే.

"ఇంకా పొగలు కక్కుతున్నాయి," అన్నాడు తిప్పన. "చల్లారాలి. వేడిలో ఏ గుజ్జు లోపమూ బయటపడదు."

"పనివాడివే. చల్లారాక వస్తాను," అని ధూమిని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాడు తిప్పన, గోడవారగా వరుస కట్టి నిలబడినవాళ్ళను. ముప్ఫై మంది. చేతుల్లో ఖాళీ విస్తళ్ళు. అతను మొదటివాడి మొహం చూశాడు. కళ్ళు, ముక్కు, నోరు, అన్నీ ఉన్నాయి. రెండోవాడి వైపు తిరిగేసరికి మొదటివాడి మొహం ఎలా ఉందో గుర్తు రాలేదు. మళ్ళీ వెనక్కి చూశాడు. చూస్తున్నంతసేపూ తెలుస్తోంది. కళ్ళు తిప్పితే లేదు. ముప్ఫై మందినీ చూశాక అతని మనసులో ఒక్క మొహమూ మిగల్లేదు. యువరాజు వీళ్ళలో ఉంటే తను గుర్తుపట్టలేడు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన మొహం!

"అలా వెతక్కండి చవికాడుగారూ, తల తిరుగుతుంది," అన్నారెవరో.

పొయ్యి వెనకనుంచి గుమ్మటంలాంటి మనిషి బయటికొచ్చాడు. చెవిలో వెల్లుల్లి రెబ్బ, చేతిలో సగం కొరికిన జొన్నరొట్టె. సత్రపు పెద్ద వంటవాడు గుండప్ప.

"వీళ్ళెవరు బాబాయ్?"

"వడ్డించేవాళ్ళు. ఒంటరిగా వచ్చి ఆవిరిగదిలో పడుకున్నవాళ్ళు. తెల్లారేసరికి మనిషి ఇలా మిగులుతాడు, మనిషితనం గంగాళంలోకి దిగుతుంది." గుండప్ప రొట్టె నమలడం ఆపలేదు. "నన్ను కరిగించదు లెండి. నేను కరిగితే నూరు కూరలు ఎవడు వండుతాడు? అయినా నేనిక్కడి మెతుకు ముట్టను. మా ఆవిడ వింటే సంతోషించేది, ఆవిడ వంటకి వంకలు పెట్టేవాణ్ణి."

"మరి వీళ్ళేం తింటారు?"

"చప్పిడి జావ. గంగాళంలోది చుక్క కూడా వీళ్ళ నోట పడకూడదని కట్టడి. ఎంగిలి గిన్నెలు కూడా ఇక్కడ కడగనివ్వదు. అదిగో, ఆ మూల గిలకకి వేలాడే బుట్టలో పెట్టి లోయలో వాగు దగ్గరికి దించుతాం." గొంతు తగ్గించాడు. "వరుసలో ఎనిమిదోవాడు నా తమ్ముడు. ఎనిమిదోవాడని లెక్కపెట్టుకోబట్టి తెలుసు. చూస్తే తెలీదు."

"నా తీర్పుతో మీ యజమానురాలికేం పని?"

"రుచి తెలీదుగా. మచ్చ లేదన్న గంగాళం ఈ సాయంత్రం పంక్తికి వడ్డిస్తాం. నాలుగు వందల కడుపుల్లోకి పోతుంది, ఇక తిరిగి రాదు. మచ్చ ఉందన్నది లోయలో పారబోయిస్తుంది. అదీ తిరిగి రాదు."

తిప్పన గరిటె పిడి బిగించి పట్టుకున్నాడు. మంచిదన్నా, చెడ్డదన్నా మేఘకేతనుడు పోయినట్టే. అబద్ధమాడితే నాలుక పోతుంది.

మెట్ల మీద అందెలు మోగాయి.

ధూమిని చేతిలో చిన్న రాగి భరిణె ఉంది. నిండా వేపాకు ముద్ద. "ఒక్కో తీర్పు చెప్పాక ఇది నాకాలి. చేదు తెలిస్తే నిజం చెప్పావని. తెలియకపోతే..." వరుస వైపు చూసింది.

తిప్పన చప్పిడి అన్నం నమిలి ఉమ్మాడు. మొదటి గంగాళంలోంచి ఒక చుక్క తీసి టేకాకు మీద వేశాడు. చుక్క చుట్టూ సన్నగా నీరు విడిచింది. నాలుకకు అంటించాడు. అల్లం కన్నా ముందు పచ్చి ఉల్లి పొడుచుకొచ్చింది. ఉమ్మేశాడు.

"ఉల్లి మగ్గలేదు. ఇంకో జాము సన్నని సెగ కావాలి."

వేపముద్ద నాకాడు. చేదుకు మొహం ముడుచుకుపోయింది. ధూమిని తల ఊపింది.

రెండో గంగాళం. చుక్క ఆకు మీద ముత్యంలా నిలిచింది. అంచున నూనె ఎర్రగా తేలింది. నోట పెట్టుకున్నాడు. ఉల్లి తీపి ఉంది, తీపి అనిపించదు. అల్లం ఉంది, ఘాటు అనిపించదు. పన్నెండేళ్ళు కోట వంటశాలలో పనిచేసినవాడు ఇంత మంచి తల్లిగుజ్జు ఎన్నడూ ఎరగడు. దేన్ని కలిపితే అదైపోతుంది. అయినా అతను వెంటనే ఉమ్మేశాడు. మనుషులు నిండిన ఇంట్లోకి వెళ్ళి పిలిస్తే ఒక్కరూ పలకనట్టు ఉంది ఆ రుచి.

"మంచి తల్లిగుజ్జు లక్షణం ఏమిటి?" అడిగింది ధూమిని మెల్లగా.

"అందులో ఏదీ తనను తాను చూపించుకోకూడదు."

"ఇందులో?"

"ఏదీ చూపించుకోవడం లేదు. మచ్చ లేదు."

వేప చేదుగానే ఉంది. అందులో కరిగినవాళ్ళు కాబోలు, గోడవార ఆరుగురు ఒక్కసారిగా తలలు దించుకున్నారు.

తిప్పన మూడో గంగాళం దగ్గరికి వచ్చాడు. గరిటె ముంచాడు. పసుపుపచ్చని గుజ్జులో వెంట్రుకంత నల్లటి చార ఒకటి కదిలింది. గరిటె ఎడమకు తిప్పితే చార ఎడమకు వచ్చింది. కుడికి తిప్పితే కుడికి వచ్చింది. పెంపుడు కుక్కలా గరిటె వెంటే తిరిగింది.

నోట పెట్టుకున్నాడు. మాడు వాసన!

మేఘకేతనుడు ఆరేళ్ళవాడప్పుడు రాజుగారి పంక్తి వదిలి వంటశాలలోకి దూరి, పాయసం గిన్నె అడుగున మాడిన చెక్కు గోక్కుని తినేవాడు. ఒకనాడు తిప్పన తల్లి వెనకనుంచి చూసి, ఎవడో పిల్లదొంగ అనుకుని కాలే గరిటెతో ఎడమ మణికట్టు మీద అంటించింది. యువరాజని తెలిశాక భయంతో మూడు రోజులు జ్వరపడింది. కుర్రాడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ మచ్చ అలాగే ఉండిపోయింది, మాడు మీద మోజూ ఉండిపోయింది.

ఇదంతా ఒక్క క్షణంలో గుర్తొచ్చి తిప్పన ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటులో ఉమ్మాల్సింది మింగేశాడు.

గుక్క గొంతు దిగింది. వంటశాల మసకేసింది. ఎదురుగా తన తల్లి నిలబడి ఉంది, తాటిచెట్టంత ఎత్తున, చేతిలో ఎర్రగా కాలిన గరిటెతో. ఆమె కొంగు వెనకనుంచి ఒక బక్కపిల్లవాడు తొంగిచూసి నవ్వుతున్నాడు. ఆ పిల్లవాడు తనే! యువరాజు కళ్ళతో తనను తను బయటనుంచి చూస్తున్నాడు. ఎడమ మణికట్టు భగ్గుమంది.

"ఏమైంది?" ధూమిని గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది.

"తీర్పు తేలడం లేదు," అన్నాడు తిప్పన. అది నిజమే. "వండి చూడాలి. చవికాడి హక్కు."

ధూమిని కళ్ళు చిన్నవయ్యాయి. భరిణె చాపింది. వేప చేదు. చేసేదేమీలేక పక్కకు తప్పుకుంది.

గుండప్ప పెద్ద మంట పెట్టాడు. మూకుడు ఎర్రబడ్డాక నూనె, జీలకర్ర, వంకాయ ముక్కలు పడ్డాయి. తిప్పన మూడో గంగాళంలో గరిటె ముంచి నిదానంగా సుడి తిప్పాడు. నల్లచార చుట్టుకుంటూ చుట్టుకుంటూ వచ్చి గరిటెలో ముడుచుకుని పడుకుంది. తల్లిగుజ్జులో దాగినది దాగినట్టే ఉంటుంది. కాగిన మూకుట్లో దగ్గరపడేదాకా వేయిస్తేనే బయటికొస్తుంది. గుజ్జు చుర్రున పొంగింది, అంచుల్లో నూనె తేలింది. తిప్పన కలపడం ఆపాడు. కావాలనే అడుగంటనిచ్చాడు. ఆ నల్లటి చెక్కును గీకి కూరలోకి తిప్పాడు.

మాడు కంపు గుప్పుమంది. ధూమినికి తెలియలేదు. గుండప్పకు తెలిసింది. అతని ముక్కుపుటాలు అదిరాయి. తిప్పన వైపు ఒక్క చూపు చూసి, చెవిలో వెల్లుల్లి రెబ్బ సర్దుకున్నాడు.

"రుచి చూడు మరి," అంది ధూమిని.

"వండినవాడి నాలుక తన వంటనే మెచ్చుకుంటుంది తల్లీ. శుభ్రమైన నాలుక కావాలి. ఇన్నాళ్ళూ చప్పిడి తప్ప తిననిది."

"అదీ నిజమే తల్లీ," గుండప్ప అందుకున్నాడు. "వీళ్ళ నాలుకలంత శుభ్రమైనవి మూడు లోకాల్లో లేవు. నా నాలుక చూడండి, పొయ్యిమీద బండలా ఉంటుంది."

ధూమిని వరుస చివరికి వేలు చూపింది. "ఈ గంగాళంలో కరిగినవాడికి కాకుండా వేరేవాళ్ళకి పెట్టు. అదిగో, చివరనున్న ఆ ఆడమనిషికి."

తిప్పన మూకుడు పట్టుకుని వరుస మొదటినుంచి నడిచాడు. మొహాలు చూడలేదు. మణికట్లు చూశాడు. ఒకటి, రెండు, ఐదు. గాజుల మచ్చలు, తాడు ఒరిపిళ్ళు. పది. పదహారు. ఆడమనిషి ఇక నాలుగడుగుల దూరంలో ఉంది. ఇరవై ఏడో చేతి మీద, విస్తరి పట్టుకున్న ఎడమ మణికట్టు మీద, గరిటె అంచులా వంగిన మచ్చ.

గుప్పెడు కూర తీసి, వేళ్ళు కాలుతున్నా, ఆ నోట్లో కుక్కాడు.

"ఏయ్!" ధూమిని కేక కొండంతా మారుమోగింది.

ముందు కనుబొమలు వచ్చాయి, నీటి అడుగునుంచి తేలినట్టు. తరవాత ఎడమవైపు కాస్త వంగిన ముక్కు. తరవాత గడ్డం మీద గుంట. కళ్ళు తిప్పినా చెరగని మొహం! మేఘకేతనుడు నమిలాడు, మింగాడు, మూకుట్లో చెయ్యి పెట్టి మిగిలినదీ గీకి గీకి తిన్నాడు. తల ఎత్తి తిప్పనను చూశాడు. చూపులో ఏదో తక్కువైంది.

"తీర్పు అయింది," అంది ధూమిని. కోపం లేదు ఇప్పుడు. దానికే తిప్పనకు ఎక్కువ భయం వేసింది. "గడపలో నువ్వు బాకీ పెట్టిన మాట ఉంది. నీ పేరు చెప్పు."

ఇక దాచేదేముంది? తిప్పన అని చెబుదామని నోరు తెరిచాడు.

"మేఘకేతనుణ్ణి," అంది అతని నోరు.

అతనే అదిరిపడ్డాడు. ధూమిని ఒక్క అంగలో వచ్చి అతని దవడ పట్టి వేపముద్ద నాలుక మీద రుద్దింది. నాలుక చచ్చి ఉంటే బాగుండునని తిప్పన జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు.

చేదు. కటిక చేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేంత చేదు.

"నిజమే చెప్పాడు!" ధూమిని గుసగుసగా అంది. ఆమె మొహం వెలిగింది. "గంగాళంలో కరగకుండానే ఒకడిలోకి ఒకడు దిగాడు. ఒరేయ్, నువ్వు నాకు కావాలిరా."

వెనక ఫెళ్ళుమంది. గుండప్ప రొట్టె అవతల పారేసి, రెండో గంగాళం కింద ఇనుప గునపం దూర్చి తన బరువంతా వేశాడు. మచ్చలేని తల్లిగుజ్జు నేలంతా వరదలా పారింది. ఇరవై తొమ్మిది మందీ విస్తళ్ళు వదిలి మోకాళ్ళ మీద పడ్డారు. నాకుతున్నారు, నాకుతూ మాట్లాడుతున్నారు. ఒకరి నోట ఒకరి పేరు. ముసలివాడు పెళ్ళికూతురి గొంతుతో ఏడుస్తున్నాడు. ధూమిని కాళ్ళకు నలభై చేతులు అడ్డం పడ్డాయి.

"తమ్ముడూ! ఒరేయ్ తమ్ముడూ!" అని వాళ్ళ మధ్య దేవులాడుతూనే గుండప్ప అరిచాడు. "నిలబడి చూస్తారేంటయ్యా, బుట్ట! బుట్టెక్కండి!"

తిప్పన యువరాజు చెయ్యి పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఎంగిలి గిన్నెల మీదికి దూకారు. గిలక కీచుమంది. బుట్ట మంచులోకి జారింది. రాతి గోడ, పైనుంచి పడే వెలుగు, కేకలు, అన్నీ ఒక్కొక్కటే పైకి వెళ్ళిపోయాయి.

సగం దారిలో తాడు ఆగింది. ఎవరో పైనుంచి పట్టుకున్నారు. ఒక్క కుదుపు. బుట్ట మెల్లగా పైకి కదలడం మొదలుపెట్టింది.

"దూకాలి," అన్నాడు తిప్పన. కింద ఎక్కడో వాగు మోత వినిపిస్తోంది. లోతు తెలియడం లేదు. "దొరా, తాడు వదిలి నా చెయ్యి పట్టుకోండి."

యువరాజు వదల్లేదు. అతని మొహం అతనిదే. గొంతూ అతనిదే. కళ్ళలో మాత్రం ఆ ఒక్క గుక్కంత వెలితి.

"పైన ఆ పేరు చెప్పావు," అన్నాడు. "అది విన్నప్పుడు నా గుండె ఆగినట్టయింది. అది నీ పేరైతే, నేనెవర్ని?"

"అది మీ పేరే దొరా. మీదే. ఒక్క గుక్క నేను పొరపాటున..."

మాట పూర్తి కాలేదు. మంచు చీలి వెలుతురు ఒక పాయ తాడు మీద పడింది. తాడు పట్టుకున్న రెండు ఎడమ చేతులు పక్కపక్కనే ఉన్నాయి. యువరాజు మణికట్టు నున్నగా, పాలమీగడలా ఉంది. గరిటె అంచులా వంగిన ఆ పాత మచ్చ తిప్పన చేతి మీద, నిన్న కాలినంత ఎర్రగా, మండుతోంది.

బుట్ట ఇంకో మూరెడు పైకి లేచింది.